మూసిన ఆకాశం, తేలని లెక్క

అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలేవీ భారత భూభాగంపై దిగరాదన్న ఆదేశం 2020 మార్చి 22 నుంచి అమలులోకి వచ్చింది. అప్పుడు ప్రభుత్వం ప్రకటించిన గడువు ఒక్క వారం. ఆ వారం రెండేళ్లు సాగింది. షెడ్యూలు ప్రకారం నడిచే విమానాలు తిరిగి ఎగిరింది 2022 మార్చి 27న. ఈ మధ్యకాలమంతా నిషేధం నెలకొక సర్క్యులర్‌తో పెరుగుతూ పోయింది. నెలాఖరు దగ్గరపడిన ప్రతిసారీ దుబాయిలో, డాలస్‌లో, లండన్‌లో, మెల్‌బోర్న్‌లో, వారికోసం ఎదురుచూస్తున్న జగిత్యాలలో, కడపలో, గుంటూరులో అసంఖ్యాక కుటుంబాలు పౌర విమానయాన డైరెక్టరేట్ విడుదల చేసే ఒక్క కాగితం కోసం కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాయి.

ఆ రెండేళ్లను దేశం దాదాపు మరచిపోయింది. విమానాశ్రయాలు మళ్లీ కిక్కిరిశాయి. టికెట్ల ధరలు, వీసా స్లాట్లు మళ్లీ మామూలు ఫిర్యాదులయ్యాయి. అయితే మరచిపోవడం వేరు, లెక్క తేల్చడం వేరు. మహమ్మారి విరుచుకుపడిన తొలి నెలల్లో సరిహద్దులు మూయడం అవసరమేనని ఎవరైనా ఒప్పుకుంటారు. వాటిని ఏ చట్టం ఆధారంగా మూశారు, ఎంత ముందుగా చెప్పి మూశారు, ఆ మూసివేత భారాన్ని ఎవరి నెత్తిన పెట్టారు అన్న ప్రశ్నలకు మాత్రం ఇంతవరకు జవాబు రాలేదు. ఆనాడు పాస్‌పోర్టు చేతబట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డ మనిషిని వణికించింది వైరస్ ఒక్కటే కాదు. తెల్లవారేసరికి మారిపోయే నిబంధన అతణ్ని అంతకంటే ఎక్కువగా వణికించింది. ఆ నిబంధనలు ప్రకృతి సృష్టించినవి కావు. ప్రభుత్వాలు రాసినవి. కనుక లెక్క చెప్పవలసిందీ ప్రభుత్వాలే.

హక్కు ఉన్నది, చట్టం లేదు

విదేశ ప్రయాణం భారత పౌరుడి హక్కా, ప్రభుత్వం దయతలచి ఇచ్చే సౌకర్యమా అన్న వివాదం ఎప్పుడో తేలిపోయింది. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశాలకు వెళ్లే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 21వ అధికరణం కాపాడే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. చట్టమంటూ లేకుండా అధికారి ఇష్టానుసారం పాస్‌పోర్టు నిరాకరించడం కుదరదని తేల్చింది. ఆ తీర్పు ఫలితంగానే అదే సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసులో న్యాయస్థానం మరో అడుగు ముందుకు వేసింది. చట్టం ఉంటే చాలదనీ, ఆ చట్టం నిర్దేశించే విధానం న్యాయంగా, హేతుబద్ధంగా ఉండాలనీ చెప్పింది. ఆ మరుసటి ఏడాది భారతదేశం పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. సొంత దేశంలోకి వచ్చే హక్కును ఎవరినుంచీ ఏకపక్షంగా లాక్కోరాదని ఆ ఒడంబడిక 12వ అధికరణం శాసిస్తున్నది.

ఇంతటి న్యాయ వారసత్వం ఉన్న దేశం 2020లో ఏ ఆయుధంతో ఆకాశాన్ని మూసింది? ఒకటి, బొంబాయి ప్లేగు కాలంలో వలస పాలకులు చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం. రేవుకు వచ్చే ఓడలను తనిఖీ చేసే అధికారం గురించి ఆలోచించిన చట్టమది. విమానమన్న మాట అందులోకి వచ్చింది 2020 ఏప్రిల్ ఆర్డినెన్సుతో. రెండోది, తుపానులనూ భూకంపాలనూ దృష్టిలో ఉంచుకుని రాసిన 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. వీటికి తోడు విమానయాన శాఖ సర్క్యులర్లు, ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు, హోం శాఖ వీసా ఉత్తర్వులు, వాటిపై రాష్ట్రాల సొంత నిబంధనలు. ఒక పౌరుడు స్వదేశానికి రావడానికి ఎన్ని రోజులపాటు ఆగవలసిరావచ్చు, ఆ జాప్యానికి పరిహారం ఏమిటి, అభ్యంతరం ఉంటే ఎవరి తలుపు తట్టాలి అన్నవి ఏ చట్టంలోనూ లేవు. ఇప్పటికీ లేవు.

ఇల్లు చేరడానికీ టికెట్టే

తొలి దెబ్బ విద్యార్థులపై పడింది. 2020 మార్చి 17న అఫ్గానిస్థాన్, ఫిలిప్పీన్స్, మలేషియాల నుంచి వచ్చే ప్రయాణికులందరిపై తక్షణ నిషేధం విధించారు. ‘తక్షణం’ అన్న మాట కార్యాలయంలో కూర్చుని రాసేవారికి తేలిక. అప్పటికే మనీలాలో విమానమెక్కి కౌలాలంపూర్‌లో దిగి తదుపరి విమానం కోసం వేచివున్న వైద్య విద్యార్థులకు మాత్రం వెనక్కి పోలేని, ముందుకు రాలేని స్థితి. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. వారిలో తెలుగు విద్యార్థులు గణనీయంగా ఉన్నారు. తల్లిదండ్రుల ఆక్రందన మీడియాకెక్కిన తర్వాత ఢిల్లీకి, విశాఖపట్నానికి ప్రత్యేకంగా విమానాలను అనుమతించారు. ఆ అనుమతి మంచిదే. కాని ఉత్తర్వు రాసే ముందే గాలిలో ఉన్నవారి గురించి, మార్గమధ్యంలో ఉన్నవారి గురించి ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ వేదన అవసరమయ్యేదే కాదు.

తర్వాత పూర్తి నిషేధం. ఏప్రిల్ 13న ప్రవాసులను వెనక్కి రప్పించాలన్న వ్యాజ్యాలు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, ప్రస్తుతానికి ఎక్కడివారు అక్కడే ఉండాలన్న వైఖరిని న్యాయస్థానం తీసుకున్నది. బ్రిటన్‌లో అద్దె ఇంట్లో ఉన్న విద్యార్థికి, గల్ఫ్‌లో ఒకే గదిలో పదిమందితో పడుకునే కార్మికుడికి ‘అక్కడే’ అన్న మాట ఒకే అర్థాన్ని ఇవ్వదు. లేబర్ క్యాంపులో భౌతిక దూరం పాటించడం ఎలాగో ఏ మార్గదర్శకమూ చెప్పలేదు. అదే నెలలో జరిగిన మరో ఘటన ఆ కాలపు పాలనా మనస్తత్వానికి నిలువుటద్దం. అబుదాబి నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి చేరిన మూడు మృతదేహాలను, ఉత్తర్వుల్లో స్పష్టత లేదన్న కారణంతో, దించుకోకుండానే వెనక్కి పంపించారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. ఆ తర్వాత హోం శాఖ వివరణ జారీచేసి, మృతదేహాలను అనుమతించవచ్చని చెప్పింది. చచ్చినవాడికి కూడా సర్క్యులర్ అడ్డుపడిందంటే బతికున్నవాడి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మే 7న వందే భారత్ మిషన్ మొదలైంది. తొలి విమానాలు అబుదాబి నుంచి కొచ్చికి, దుబాయి నుంచి కోళికోడ్‌కు వచ్చాయి. మాల్దీవుల నుంచి నౌకాదళం జలాశ్వ నౌకలో సుమారు ఏడువందల మందిని తీసుకొచ్చింది. ఇంత విస్తృతమైన తరలింపు చరిత్రలో అరుదు. ప్రాణాలకు తెగించి పనిచేసిన విమాన సిబ్బందిని, నౌకాదళాన్ని, రాత్రింబవళ్లు ఫోన్లు ఎత్తిన రాయబార కార్యాలయాల ఉద్యోగులను అభినందించవలసిందే. అయితే ప్రచారంలో మరుగునపడిన నిజం ఒకటున్నది. ఇది ఉచిత తరలింపు కాదు. లండన్ నుంచి వచ్చేవారికి సుమారు 50 వేల రూపాయలు, అమెరికా నుంచి వచ్చేవారికి సుమారు లక్ష రూపాయల ఛార్జీ నిర్ణయించారు. దిగిన తర్వాత సంస్థాగత క్వారంటైన్ ఖర్చు కూడా ప్రయాణికుడిదే. ఉద్యోగం పోయి, జీతం బకాయి రాక, ఏజెంటుకు తెచ్చిన అప్పు తీరక తిరిగివస్తున్న కార్మికుడికి ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

అలాంటి ఆపద కోసమే 2009లో భారత ప్రవాసుల సంక్షేమ నిధి ఏర్పడింది. రాయబార కార్యాలయాల్లో పాస్‌పోర్టు, కాన్సులర్ సేవలకు వసూలు చేసే రుసుములపై కొద్దిమొత్తం చేర్చి కూడబెట్టే నిధి అది. అంటే ప్రవాసుల సొమ్మే. అందులోంచి నిరుపేదలకు టికెట్లు ఇచ్చే వీలున్నా, ఎవరు నిరుపేద అన్న నిర్ణయం అధికారి విచక్షణకే వదిలేశారు. ఆపత్కాలంలో హక్కుగా అందవలసినది అర్జీ పెట్టుకుంటే దొరికే సాయంగా మిగిలింది. రద్దయిన టికెట్ల డబ్బు కోసం సైతం ప్రయాణికులు సుప్రీంకోర్టు దాకా పోవలసివచ్చింది. వాపసుపైన, క్రెడిట్ షెల్‌లపైన స్పష్టమైన ఆదేశాలు 2020 అక్టోబరు 1న గాని వెలువడలేదు.

తల్లిదండ్రులకు ఒక దేశం, బిడ్డకు మరో దేశం

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ రెండేళ్లు మరో రకం పరీక్ష. 2020 మార్చిలో వీసాలతో పాటు ఓసీఐ కార్డుదారుల వీసా రహిత ప్రవేశాన్ని కూడా భారత ప్రభుత్వం నిలిపివేసింది. దాని పర్యవసానం వందే భారత్ విమానాల వద్ద బయటపడింది. హెచ్-1బీ ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరో ఉద్యోగం చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. అలా వదలడానికి సిద్ధపడిన దంపతులు భారత పౌరులు కనుక విమానం ఎక్కవచ్చు. వారి చంటిబిడ్డ అమెరికాలో పుట్టింది, చేతిలో ఓసీఐ కార్డున్నది, కనుక ఎక్కరాదు. పాలు తాగే బిడ్డను ఏ దేశంలో వదిలి రమ్మని ఆ నిబంధన ఉద్దేశమో రాసినవారికే తెలియాలి. ఆందోళనలు మిన్నుముట్టాక మే 22న హోం శాఖ, భారత పౌరులకు విదేశాల్లో పుట్టిన మైనర్ పిల్లలతో సహా కొన్ని తరగతుల ఓసీఐ కార్డుదారులకు మినహాయింపు ఇచ్చింది.

అమెరికా వైపునుంచి తలుపులు మరో విధంగా మూసుకున్నాయి. 2020 జూన్ 22న అధ్యక్షుడు ట్రంప్ జారీచేసిన ప్రకటన హెచ్-1బీ సహా అనేక ఉద్యోగ వీసాలపై కొత్తవారి ప్రవేశాన్ని ఆపింది. దానికి చెప్పిన కారణం ఆరోగ్యం కూడా కాదు, అమెరికన్ల ఉద్యోగాలు. మహమ్మారిని అడ్డుపెట్టుకుని వలస రాజకీయం ఎలా చేయవచ్చో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు. అధ్యక్షుడు మారినా అడ్డుగోడలు మాయం కాలేదు. భారతదేశంలో రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, 2021 మే 4 నుంచి భారత్‌లో గడిచిన పద్నాలుగు రోజులు ఉన్న విదేశీయుల ప్రవేశాన్ని బైడెన్ ప్రభుత్వం నిషేధించింది. అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు, వారి దగ్గరి కుటుంబసభ్యులకు మినహాయింపు ఇచ్చింది. అమెరికాలో పుట్టిన మైనర్ బిడ్డ ఉంటే తల్లిదండ్రులు తిరిగి వెళ్లవచ్చు. బిడ్డ లేనివారు, లేదా బిడ్డ భారత్‌లో పుట్టినవారు వెళ్లరాదు. ఒకే కంపెనీలో ఒకే వీసాపై పనిచేసే ఇద్దరిలో ఎవరు వైరస్ మోసుకొస్తారో వారి సంతానం జన్మస్థలం తేల్చిందన్నమాట. ఇంటి దగ్గర తండ్రికి ఆక్సిజన్ పడక దొరకడం లేదని తెలిసినా వెళ్తే తిరిగి రాగలమన్న భరోసా లేక, ఫోన్ తెరమీదనే అంత్యక్రియలు చూసినవారు కోకొల్లలు.

ఆస్ట్రేలియా ఇంకో మెట్టు పైకెక్కింది. 2021 మే 3 నుంచి 15 వరకు, భారత్‌లో ఉండి వచ్చే తన సొంత పౌరులు కూడా దేశంలో అడుగుపెడితే నేరమని ప్రకటించింది. గరిష్ఠ శిక్ష ఐదేళ్ల జైలు, లేదా 66 వేల డాలర్లకు పైబడిన జరిమానా. అమెరికాలో, బ్రిటన్‌లో వ్యాధి శిఖరస్థాయిలో ఉన్నప్పుడు ఆ దేశాల నుంచి వచ్చే పౌరులకు ఈ బెదిరింపు లేదు. ఆ వారాల్లోనే ఐపీఎల్ ఆగిపోయింది. ఆస్ట్రేలియా క్రికెటర్లు మాల్దీవుల్లో నిరీక్షణ ముగించుకుని ఇంటికి చేరారు. భారత సంతతికి చెందిన సామాన్య ఆస్ట్రేలియన్లకు మాల్దీవుల దారిలేదు. మూసిన సరిహద్దు కూడా మనిషిని చూసి తెరుచుకుంటుందని చెప్పడానికి ఈ తేడా చాలు.

గల్ఫ్ దారిలో దొడ్డిదోవలు

అన్నిటికంటే బరువైన మూల్యం చెల్లించింది గల్ఫ్ కార్మికుడు. సెలవు మీద వచ్చి 2021 వేసవిలో ఊళ్లో చిక్కుకుపోయిన వారి దిగులు కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో ప్రతి గ్రామానికీ తెలుసు. ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి భారత్ ప్రయాణికులను అరబ్ ఎమిరేట్స్ నిలిపివేసింది. సౌదీ అరేబియా తలుపులు అప్పటికే మూతబడ్డాయి. ఆరు నెలలు మించి దేశం వెలుపల ఉంటే ఎమిరేట్స్ నివాస అనుమతి రద్దయ్యే నిబంధన ఒకవైపు, కంపెనీ ఎదురుచూడదన్న భయం మరొకవైపు. దీంతో దొడ్డిదోవల వ్యాపారం పుట్టింది. నేపాల్‌కు వెళ్లి పద్నాలుగు రోజులుండి అక్కడినుంచి గల్ఫ్‌కు ఎగరడం ఒక మార్గం. ఏజెంట్లు లక్షల్లో ప్యాకేజీలు అమ్మారు. ఏప్రిల్ 28 నుంచి నేపాల్ మూడో దేశానికి వెళ్లే విదేశీయులను అనుమతించడం మానేసింది. డబ్బు కట్టి ఖాట్మండు హోటళ్లలో రోజులు లెక్కిస్తున్న కార్మికులు మధ్యలో మిగిలిపోయారు. మరికొందరు మాల్దీవులకు మళ్లారు. మే 13 నుంచి దక్షిణాసియా పర్యాటకులకు మాల్దీవులూ తలుపు మూసింది.

ఆగస్టు 5న ఎమిరేట్స్ మళ్లీ తెరిచినప్పుడు షరతులు చూడండి. చెల్లుబాటయ్యే నివాస అనుమతి ఉండాలి. రెండు డోసులూ ఎమిరేట్స్‌లోనే వేయించుకుని ఉండాలి. నలభై ఎనిమిది గంటల్లోపు చేసిన ఆర్‌టీపీసీఆర్ పరీక్ష నివేదికపై క్యూఆర్ కోడ్ ఉండాలి. విమానాశ్రయంలో బయల్దేరడానికి కొన్ని గంటల ముందు మరో ర్యాపిడ్ పీసీఆర్ పరీక్ష చేయించుకోవాలి. అది చేసే యంత్రాలు మొదట్లో చాలా విమానాశ్రయాల్లో లేవు. పెట్టిన చోట రుసుము వేల రూపాయలు. పాజిటివ్ అని వస్తే టికెట్ డబ్బు గాలికి. స్వదేశంలో టీకా వేయించుకున్నవారికి దారి తెరుచుకోవడానికి సెప్టెంబరు 12 దాకా ఆగవలసివచ్చింది. అప్పుడు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన టీకా అయితేనే. సౌదీకి నేరుగా వెళ్లే అవకాశం డిసెంబరు 1న గాని రాలేదు. విమాన ప్రయాణం మొదటినుంచీ డబ్బున్నవారికి తేలికే. మహమ్మారి కాలంలో అది కాగితాలు చదవగలిగినవారికి, పోర్టల్ నింపగలిగినవారికి, తప్పు జరిగితే మళ్లీ టికెట్ కొనగలిగినవారికే తేలికయింది.

ఒకే సీసాలో మందు, రెండు విలువలు

టీకా వచ్చాక ఇబ్బందులు తీరతాయని లోకం అనుకున్నది. టీకాకు కూడా పాస్‌పోర్టు అవసరమయింది. ఆక్స్‌ఫర్డ్, ఆస్ట్రాజెనెకా రూపొందించిన టీకాను పుణేలోని సీరం సంస్థ కోవిషీల్డ్ పేరుతో తయారుచేసింది. అందులోంచి 50 లక్షల డోసులను బ్రిటన్ స్వయంగా తెప్పించుకుని తన పౌరులకు వేసింది. అదే టీకా రెండు డోసులు భారత్‌లో తీసుకున్నవారిని మాత్రం, 2021 అక్టోబరు 4 నుంచి అమలయ్యే నిబంధనల్లో, టీకా తీసుకోనివారిగా లెక్కించి పది రోజుల స్వీయ నిర్బంధం విధించింది. విమర్శ వచ్చాక టీకాను గుర్తించి, సర్టిఫికెట్‌ను గుర్తించలేదు. కోవిన్ పత్రంపై పుట్టినతేదీ పూర్తిగా లేదన్నది ఒక సాకు. భారత్ తిరుగుబాణం వేసి బ్రిటన్ పౌరులపై అవే ఆంక్షలు పెట్టింది. అక్టోబరు 11న బ్రిటన్ తగ్గింది, 13న భారత్ ఉపసంహరించుకున్నది. దౌత్య గౌరవం నిలిచింది. మధ్యలో విశ్వవిద్యాలయాలకు పరుగెత్తిన విద్యార్థుల సొమ్ము, మనశ్శాంతి మాత్రం తిరిగిరాలేదు. ఐరోపా సమాఖ్య కూడా జూలైలో ప్రారంభించిన డిజిటల్ సర్టిఫికెట్‌లో కోవిషీల్డ్‌కు చోటివ్వలేదు. భారత్ ఒత్తిడి చేశాక కొన్ని సభ్యదేశాలు ఒక్కొక్కటిగా అంగీకరించాయి.

ఇందులో తప్పంతా విదేశాలదే అనడం ఆత్మవంచన. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌ను 2021 జనవరి 16 నుంచి దేశమంతా వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ జాబితాలో అది చేరింది నవంబరు 3న. దాదాపు పది నెలలపాటు ఆ టీకా వేసుకున్నవారు ప్రపంచంలో చాలాచోట్ల టీకా లేనివారే. స్వదేశీ టీకా వేసుకోవడం దేశభక్తి అని చెప్పినవారు, దాంతో విమానమెక్కడం కుదరకపోవచ్చని ముందుగా చెప్పలేదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చిన తెలుగు విద్యార్థులకు, అక్కడికి వచ్చి మళ్లీ వేరే టీకా వేయించుకోమన్న సూచనలు అందాయి. రెండు రకాలు కలిపితే ఏమవుతుందో చెప్పే ఆధారం లేదు. సౌదీలో ఉద్యోగం ఉన్న ఒక కేరళీయుడు, కోవాగ్జిన్ రెండు డోసుల తర్వాత గుర్తింపు ఉన్న మరో టీకాకు అనుమతించమంటూ హైకోర్టును ఆశ్రయించవలసివచ్చింది. పౌరుడికి ఎంపిక లేని టీకా వేసి, దాని పర్యవసానం మాత్రం పౌరుడే భరించాలనడం ఏ సంక్షేమ రాజ్య లక్షణం?

విదేశాలకు వెళ్లే విద్యార్థులకు, ఉద్యోగులకు కోవిషీల్డ్ రెండో డోసును ఇరవై ఎనిమిది రోజులకే ఇవ్వవచ్చని జూన్ 7న కేంద్రం మార్గదర్శకం ఇచ్చిన మాట నిజమే. సమస్యను ముందుగా గుర్తిస్తే పరిష్కారం సాధ్యమేనని ఆ ఒక్క ఉదాహరణ నిరూపిస్తుంది.

పొరుగువారి గతి

2020 మార్చి 15న ప్రధాని నరేంద్ర మోదీ చొరవతో సార్క్ దేశాల నాయకులు తెరమీద సమావేశమయ్యారు. భారత్ కోటి డాలర్లతో అత్యవసర నిధిని ప్రతిపాదించింది. ఆ ఉత్సాహం విమానాశ్రయం దాకా రాలేదు. ఉమ్మడి పరీక్షా ప్రమాణం లేదు, ఉమ్మడి టీకా సర్టిఫికెట్ లేదు, గల్ఫ్ దేశాలతో ఉమ్మడిగా మాట్లాడిన సందర్భమూ లేదు. కార్మికుల విషయంలో భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకలది ఒకే ప్రయోజనం. అయినా ఎవరి గొడవ వారిదే.

బంగ్లాదేశ్ అనుభవమే చూడాలి. 2020 జూలైలో ఢాకాలో నకిలీ కరోనా నివేదికల కుంభకోణం బయటపడింది. అదే నెలలో ఇటలీ బంగ్లాదేశ్ నుంచి విమానాలు ఆపేసింది. మోసగాళ్ల పాపానికి నిజాయితీగా పరీక్ష చేయించుకున్న కార్మికుడు శిక్ష అనుభవించాడు. సెప్టెంబరులో ఇకామా గడువు తీరిపోతున్నా సౌదీకి టికెట్లు దొరక్క వేలాది కార్మికులు ఢాకా వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది విమానాశ్రయంలో ర్యాపిడ్ పరీక్షా కేంద్రం పెట్టండని మళ్లీ ఆందోళన చేశారు. జగిత్యాల కార్మికుడి బాధకు ఢాకా కార్మికుడి బాధకు మధ్య భాష తప్ప తేడా లేదు. వారు పంపే డబ్బుతో విదేశీ మారక నిల్వలు నింపుకునే ప్రభుత్వాలకు మాత్రం ఆ పోలిక కనిపించలేదు.

శాస్త్రం ఏమన్నది, రాజ్యం ఏం చేసింది

ఇన్ని కష్టాలూ ప్రాణరక్షణకు చెల్లించిన మూల్యమే కదా అన్న వాదన ఉన్నది. దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. వైరస్ ఇంకా అడుగుపెట్టని దేశానికి, సముద్రం మధ్య ఉన్న ద్వీపానికి సరిహద్దు మూసివేత విలువైన సమయాన్ని సంపాదించిపెట్టింది. న్యూజిలాండ్ ఇందుకు సాక్ష్యం. కాని వ్యాధి సమాజంలో పూర్తిగా పాకిన తర్వాత కూడా అదే మంత్రం జపించడంలో ప్రయోజనం ఎంత? 2021 నవంబరు చివరలో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్‌ను గుర్తించి దాచకుండా ప్రపంచానికి తెలియజేశారు. అందుకు బహుమతిగా గంటల్లోనే విమానాలు రద్దయ్యాయి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ దాన్ని ప్రయాణ వర్ణవివక్షగా అభివర్ణించారు. భారత్ కూడా డిసెంబరు 15 నుంచి మామూలు విమానాలు నడుపుతామని నవంబరు 26న ప్రకటించి, డిసెంబరు 1న వెనక్కి తీసుకున్నది. ఆ అయిదు రోజుల్లో ఆశపడి టికెట్లు కొన్నవారు మళ్లీ వాపసు క్యూలో నిలబడ్డారు. అయినా ఒమిక్రాన్ ఆగలేదు. మూకుమ్మడి ప్రయాణ నిషేధాలు అదనపు ప్రయోజనం ఇవ్వవనీ, వాటిని ఎత్తివేయాలనీ 2022 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర కమిటీ సూచించింది. భారత్ మరో రెండు నెలల తర్వాత ఎత్తివేసింది.

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005 నుంచీ చెబుతున్నది ఒక్కటే. ప్రజారోగ్య చర్య ముప్పుకు తగినంతే ఉండాలి, రాకపోకలకు అనవసర అంతరాయం కలిగించరాదు, ప్రయాణాలను గణనీయంగా అడ్డుకునే చర్య తీసుకుంటే దాని శాస్త్రీయ కారణాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు వివరించాలి. దేశాలు ఈ మాటపై సంతకం పెట్టాయి. అమలు చేయడం మరిచాయి.

మరో మహమ్మారి వస్తుందా అన్నది అనుమానం కాదు, ఎప్పుడన్నదే తెలియదు. అప్పటికి పార్లమెంటు ఆలోచించవలసిన అంశాలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిపై ప్రత్యేక చట్టం కావాలి. విమానాల నిలుపుదలకు గరిష్ఠ గడువు ఉండాలి. పొడిగించాలంటే కారణాలను రాతపూర్వకంగా పార్లమెంటు ముందుంచాలి. పౌరుడు, అతని మైనర్ సంతానం, దేహం కూడా, స్వదేశానికి చేరే హక్కును ఏ సర్క్యులరూ నిలిపివేయరాదు. పరీక్షలు పెట్టవచ్చు, క్వారంటైన్ చేయవచ్చు, తలుపు మాత్రం మూయరాదు. ఉత్తర్వు వెలువడే సమయానికి ప్రయాణంలో ఉన్నవారికి దాన్ని వర్తింపజేయరాదు. ఉపాధి కోల్పోయి వచ్చే కార్మికుడి టికెట్టు, క్వారంటైన్ ఖర్చు సంక్షేమ నిధి నుంచి హక్కుగా రావాలి. రద్దయిన టికెట్ డబ్బు వాపసుకు కోర్టు గడప తొక్కవలసిన అవసరం ఉండకూడదు. ప్రజలకు వేసే టీకాకు అంతర్జాతీయ గుర్తింపు సాధించడం ఆరోగ్య శాఖతో పాటు విదేశాంగ శాఖకూ తొలిరోజు నుంచే బాధ్యత కావాలి. దక్షిణాసియా దేశాలు మిగతా విషయాల్లో ఎంత తగువులాడుకున్నా, కార్మికుల ప్రయాణ పత్రాలపై ఒక మాటమీదికి రావాలి.

ఇవి ఖర్చులేని సంస్కరణలు కావు. అయితే గత మహమ్మారిలో ఖర్చు లేదా? ఉన్నది. ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించకుండా కార్మికుడి అప్పులో, విద్యార్థి కోల్పోయిన సంవత్సరంలో, కడసారి చూపు దక్కని కొడుకు గుండెలో అది నమోదై ఉన్నది. రాజ్యం చెల్లించవలసిన మొత్తాన్ని పౌరులు విడివిడిగా, నిశ్శబ్దంగా చెల్లించారు. వచ్చేసారైనా ఆ బిల్లు ఎవరిదో ముందే రాసుకోవాలి.